బిళ్ళలు మొదలుపెట్టే ముందు, మేనకోడలికి

సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మలూ,

మాఘంలో ముహూర్తం కుదిరిందని మీ నాన్న ఫోన్ చేశాడు. సీఏ ఫైనల్ అయ్యేదాకా పిల్లలు వద్దని నువ్వూ ఆ అబ్బాయీ ముందే మాట్లాడుకున్నారట, బిళ్ళలు వాడాలనుకుంటున్నావట. మీ అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. మా రోజుల్లో ఆ సంగతి అత్తగారు తేల్చేది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. రోజూ ఒకే వేళకి వేసుకో. మర్చిపోతే ఏం చెయ్యాలో పెట్టెలో కాగితం మీద ఉంటుంది, చదువు. షాపులో అడిగి తెచ్చుకోకు, లేడీ డాక్టర్‌కి చూపించుకుని బీపీ చూశాకే. సిగరెట్ తాగుతావా అని అడుగుతుంది, నవ్వకుండా జవాబు చెప్పు. తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు ఎప్పుడైనా కనిపించి ఉంటే దాచకు. అలాంటివాళ్ళకి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న బిళ్ళలు ఇవ్వరు, పక్షవాతం భయం ఉంటుంది.

ఇక అసలు సంగతి. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు మీ చిన్నత్త ఆసుపత్రిలో ఉంది, గుర్తుందా? నిమోనియా అని అందరికీ చెప్పారు. కాదు. అది ఈ బిళ్ళలే వాడేది. కొన్ని నెలలు మానేసి, పుష్కరాల ముందు మళ్ళీ మొదలుపెట్టింది. ఇంటినిండా చుట్టాలు. ఎడమ పిక్క నొప్పి అంటే, నిలబడి వండీ వండీ పట్టేసిందన్నారు. ఆముదం రాసి గట్టిగా పిసికారు కూడా! ఆ కాలి పట్టీ ఒక్కటే చర్మంలోకి దిగి ఎర్రగా గీత పడిందట. రెండో కాలి పట్టీ వదులుగానే ఉంది. అది చూసి కూడా ఎవరికీ ఏమీ తట్టలేదు.

నేను గుంటూరులో డ్యూటీలో ఉన్నాను. ‘‘ఏమైనా మందులు వాడుతున్నావే?’’ అని ఫోన్లో అడిగితే ‘‘లేదక్కా’’ అంది. పక్కన వాళ్ళత్తగారుంది. పైగా దాని లెక్కలో అవి మందులే కావు, మందంటే జ్వరానికి వేసుకునేది! నర్సునైన సొంత అక్కకే చెప్పలేదు చూడు. రెండ్రోజులకి మెట్లెక్కుతుంటే ఊపిరందలేదు, ఛాతీలో పోటు. క్యాజువాలిటీలో డాక్టర్ అడిగినా అదే మాట. దగ్గితే రక్తం పడ్డాక మీ మామయ్య భయపడి బిళ్ళల సంగతి బయటపెట్టాడు. అప్పుడు కాలికి డాప్లర్ స్కాన్, ఛాతీకి సీటీ స్కాన్ తీశారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి, ఓ ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. బతికింది. నెలల తరబడి రక్తం పలచబడే మందులు మింగింది. పిల్లల కోసం కాదు, పిల్లలు వద్దని ఆసుపత్రి పాలైందన్న మాట బయటికి పోకూడదని నిమోనియా కథ అల్లారు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. దాని ముఖం చూస్తే మాత్రం ఏమీ అనలేను.

నిన్ను మానెయ్యమనడం లేదు తల్లీ. ఏడాదికి 10,000 మంది ఆడవాళ్ళలో, వాడనివాళ్ళకైతే ఇద్దరికి, వాడేవాళ్ళలో బిళ్ళ రకాన్ని బట్టి 5 నుంచి 12 మందికి ఇలా గడ్డ కడుతుంది. గర్భిణులకీ బాలింతలకీ ఆ రిస్క్ ఇంకా ఎక్కువ. బిళ్ళలతో భయం ముఖ్యంగా మొదటి ఏడాదే, అందులోనూ తొలి నెలల్లో. నెలకి పైగా ఆపి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఈస్ట్రోజన్‌తో పాటు లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉన్నవి ఈ విషయంలో కాస్త నయం. ఈస్ట్రోజన్ లేనివీ ఉన్నాయి, అసలు హార్మోనే లేని కాపర్-టీ ఉంది. మనింట్లో ఇలా జరిగిందని చెప్తే నీకేది సరిపడుతుందో డాక్టరే చూస్తుంది.

ఇంకోటి. పెళ్ళికీ, తర్వాత వ్రతానికీ డేటు జరపాలని మీ అమ్మ షాపు నుంచి బిళ్ళలు తెస్తుంది, రాసిపెట్టుకో. అవి నారెథిస్టిరోన్ అనే హార్మోన్ బిళ్ళలు. ఆ మోతాదులో ఒంట్లో కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది, అంటే గడ్డకట్టే భయం వాటితోనూ ఉంటుంది. డాక్టర్‌ని అడక్కుండా నోట్లో వేసుకున్నావో, పీటల మీదున్నా సరే తిడతాను.

ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా పిసకడాలు, కాపడాలు పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. ఏ పూటైనా, ఎవరు పక్కనున్నా, బిళ్ళ పేరు గట్టిగా చెప్పు. చిన్నత్తని అడిగి దాని రిపోర్టులు జిరాక్సు తీయించాను, సరే తీసుకెళ్ళమంది. ఆదివారం మీ నాన్నతో పంపుతున్నాను. కవరు అంటించే ఉంటుంది, నువ్వే విప్పు.

మీ పెద్దత్త