పిల్లల కథలే రాస్తానంటోంది... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. చిన్నపిల్లల కథలు రాస్తది. పేపర్ల పిల్లల పేజీల రెండు కథలు వచ్చినయి. పిల్లల పుస్తకాలు రాసుడే నా కెరీర్ అంటున్నది. దాంతోటి బతుకు వెళ్తదా? ఇంటర్ అయినంక ఏం చదివించాలె? ఒకాయన 35 వేలు ఇస్తే కథలన్నీ పుస్తకం వేస్తనన్నడు. ఇయ్యమంటరా? ఆమెకు బొమ్మలు గీసుడు రాదు, అది అడ్డమైతదా?

జవాబు: ఆ 35 వేలు ఇవ్వకండి. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను. ముందు బతుకుదెరువు సంగతి.

తెలుగులో పిల్లల పుస్తకాలు మాత్రమే రాసి ఇల్లు గడుపుకోవడం కష్టం. లెక్క చూడండి. 16 పేజీల రంగుల బొమ్మల పుస్తకం, ధర 60 రూపాయలు, 1,000 కాపీలు వేశారనుకుందాం. రాయల్టీ, అంటే అమ్మిన కాపీల మీద వచ్చే వాటా, 10 శాతమైతే అన్నీ అమ్ముడుపోయాక వచ్చేది 6,000. బొమ్మల పుస్తకంలో సగం పని చిత్రకారుడిది, కాబట్టి దాన్ని ఇద్దరూ పంచుకుంటే అమ్మాయి వాటా 3,000. అదీ ఒక్కసారిగా రాదు, కాపీలు కదిలినకొద్దీ వస్తుంది. రాయల్టీని ముఖధర మీద కాకుండా, దుకాణాల కమీషన్ పోగా ప్రచురణకర్త చేతికి వచ్చిన సొమ్ము మీద కడితే ఇంకా తగ్గుతుంది. కమీషన్ 40 శాతమైతే 60 కాస్తా 36 అవుతుంది, అమ్మాయి వాటా 1,800కు దిగుతుంది. పేపర్లలో వచ్చే కథకు కొన్నిచోట్ల కొద్దిపాటి పారితోషికం ఉంటుంది, కొన్నిచోట్ల పేరు అచ్చు కావడమే ప్రతిఫలం.

ఇది ఈ కాలపు కష్టమేమీ కాదు. 1947లో మొదలైన చందమామ ఇంటింటికీ చేరిన రోజుల్లో కూడా దాని వెనకున్న రచయితలు ఉద్యోగులే. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక సంపాదకత్వం చూశారు. దాసరి సుబ్రహ్మణ్యం దశాబ్దాల పాటు అక్కడే సంపాదకవర్గంలో పనిచేస్తూ ధారావాహికలు రాశారు. వాళ్ల ఇల్లు నడిపింది నెల జీతం. ఇప్పుడు ఆ పత్రికా లేదు, అలాంటి జీతాల కుర్చీలూ తక్కువే. అలాగని అమ్మాయిని రాయడం మానమనకండి. రాతకు దగ్గరగా ఉండే జీతం ఒకటి చూసుకోమనండి.

అలాంటి వాటిలో నా ఓటు డీఎల్‌ఈడీకి. చిన్న తరగతుల టీచర్ శిక్షణ కోర్సు అది, మన పాతవాళ్లు టీటీసీ అనేవారు, అదే. ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా 50 శాతం మార్కులుంటే (ఎస్సీ, ఎస్టీలకు 45) దాని ప్రవేశపరీక్ష డీసెట్ రాయవచ్చు. కోర్సు రెండేళ్లు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఈ శిక్షణ ఇచ్చే ప్రభుత్వ డైట్ కాలేజీలున్నాయి. అక్కడ ఆరేడేళ్ల పిల్లలు అక్షరం ఎలా పట్టుకుంటారో, ఎక్కడ తడబడతారో నేర్పుతారు, ప్రాక్టీస్ టీచింగ్ పేరుతో బడికీ పంపుతారు. బాలల రచయితకు ఇంతకన్నా పనికొచ్చే చదువు మరే డిగ్రీలోనూ లేదు. పైగా మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలను ప్రభుత్వ విద్యా సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లు ఎక్కువగా టీచర్లతోనే రాయిస్తారు, ఆ దారి కూడా తెరుచుకుంటుంది. చిక్కు ఒకటుంది. సర్కారు టీచర్ కొలువుల డీఎస్సీ నోటిఫికేషన్ ఏటా వస్తుందన్న నమ్మకం లేదు, టీచర్ అర్హత పరీక్ష టెట్ కూడా పాసై ఉండాలి. కాబట్టి డీఎల్‌ఈడీతో ఆపకుండా తర్వాత అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ కట్టించండి.

టీచర్ పని వద్దంటే డిగ్రీ ఆన్లైన్ ప్రవేశాల దోస్త్ ద్వారా నల్లగొండ ఎన్‌జీ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్‌లోనో బీఏ. ఆ తర్వాత ఉస్మానియాలో గానీ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గానీ ఎంఏ తెలుగు. ఈ దారిలో వెళ్లేవారు సంపాదకత్వం, ప్రూఫ్‌రీడింగ్, అనువాదం, పిల్లల ఆడియో కథల స్క్రిప్టు రాయడం వంటి పనులతో సంపాదిస్తారు. అనువాదానికి మాటల లెక్కన డబ్బు వస్తుంది కాబట్టి రాయల్టీ కన్నా అదే నికరం. దానికి ఇంగ్లిష్ గానీ హిందీ గానీ గట్టిగా రావాలి. అమ్మాయి సీఈసీ తెలుగు మీడియమైతే ఈ మూడేళ్లలో ఇంగ్లిష్ పిల్లల పుస్తకాలు రోజూ చదవడం మొదలుపెట్టాలి.

ఇక రాత సంగతి. పేపర్లో వచ్చిన కథ వేరు, పుస్తకానికి పనికొచ్చే కథ వేరు. పేపరు కథకు ఒక బొమ్మ ఉంటుంది, మిగతాదంతా మాటలే మోయాలి. బొమ్మల పుస్తకంలో మాట, బొమ్మ పని పంచుకుంటాయి. ‘లచ్చి ఎర్రగౌను వేసుకుని మామిడిచెట్టు కింద నిల్చుంది’ అన్న వాక్యం అక్కడ దండగ, బొమ్మ చూపిస్తుంది కదా. ‘లచ్చికి ఇంటికి పోబుద్ధి కాలేదు’ అనేది బొమ్మ చెప్పలేదు, అది మాటల్లో ఉండాలి. కొత్తవాళ్ల రాతప్రతులు వెనక్కి రావడానికి మొదటి కారణం ఇదే. రెండోది కథ చివర తాత వచ్చి నీతి చెప్పడం.

నిడివి కూడా ముందే తెలియాలి. ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వాళ్ల ఆన్లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో కథలను నాలుగు స్థాయిలుగా చూస్తారు: మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, ఆపైన నాలుగోది. తెలుగులో ‘వెళ్లిపోతున్నాడేమో’ అని ఒకే మాటలో నాలుగింటిని అతికిస్తాం కాబట్టి, మొదటి స్థాయికి 100 నుంచి 150 మాటలు దాటకుండా రాసుకోవడం మేలు. అప్పుడే చదవడం మొదలుపెట్టిన పిల్లల కోసమైతే మాటల లెక్క ఒక్కటే చాలదు, ఒత్తులు కూడా చూడాలి. గుణింతాలు వచ్చి ఒత్తులు రానివాళ్లు ‘అల’, ‘తాత’ వంటివి చదువుతారు. ‘పాలపిట్ట’ అనగానే ఆగుతారు. ‘స్నేహితురాలు’ దగ్గర పుస్తకం మూసేస్తారు. ముందు ఒత్తుల్లేని మాటలు, తర్వాత అక్క, పిల్లి, చెట్టు వంటి ద్విత్వాలు, ఆ తర్వాతే వేరే అక్షరాల ఒత్తులు. ఇంకొకరు చదివి వినిపించే పుస్తకమైతే ఈ కట్టుబాటు లేదు, అక్కడ చెవికి ఇంపుగా ఉండాలి. ఏది రాస్తున్నామో తేల్చుకోకుండా రాస్తే రెంటికీ చెడుతుంది.

పుస్తకాన్ని మడిచి మధ్యలో పిన్ను కొడతారు కాబట్టి పేజీలు నాలుగు లెక్కన పెరుగుతాయి, ఎక్కువగా 16, 24, 32. తెల్లకాగితాలు నాలుగు తీసుకుని సగానికి మడిచి ఒకదాంట్లో ఒకటి పెడితే 16 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారు. 1వ పేజీ పేరుకు, 2వది ప్రచురణ వివరాలకు పోతాయి. 3వ పేజీలో కథ మొదలైతే 4-5 నుంచి 14-15 దాకా ఎదురెదురు పేజీల జతలు ఆరు, చివర 16 ఒంటరి పేజీ. అంటే ఎనిమిది దృశ్యాల్లో కథ నడవాలి. అమ్మాయి తన కథను ఈ డమ్మీలో పెన్సిల్‌తో విడగొట్టి రాస్తే లోపం దానంతటదే బయటపడుతుంది: రెండు పేజీల్లో ఒకే బొమ్మ వస్తోందా, ఒక పేజీలో అసలు గీయడానికేమీ లేదా. ‘బాయిలోంచి ఏదో చప్పుడు’ లాంటి వాక్యం కుడిచేతి పేజీ చివర, అంటే 5, 7, 9 లాంటి బేసి పేజీలో పడాలి. పేజీ తిప్పితేనే ఆ చప్పుడేమిటో తెలియాలి. అదే వాక్యం ఎడమ పేజీలో పడితే పిల్లల కన్ను ఎదుటి బొమ్మ మీదికి పోయి గుట్టు ముందే రట్టవుతుంది.

డమ్మీ అయ్యాక ఊరి ప్రైమరీ స్కూల్లో టీచరు అనుమతితో చదివించాలి. చదవాల్సింది అమ్మాయి కాదు, ఇంకెవరైనా. రాసినవాళ్లు చదివితే గొంతుతో లోపాలు కప్పేస్తారు. అమ్మాయేమో వెనక కూర్చుని, పిల్లలు ఎక్కడ పక్కకు చూశారో, చదివేవారి నాలుక ఎక్కడ తిరగలేదో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. అయ్యాక ‘బాగుందా?’ అని అడగొద్దు, పిల్లలు మొహమాటానికి బాగుందనే అంటారు. ‘మళ్లీ మీరు చెప్పండి’ అనాలి. వాళ్లు చెప్పేటప్పుడు వదిలేసిన భాగమే కథలో తీసేయాల్సిన భాగం.

కథా వస్తువు కోసం అడవిలో సింహం, నక్క దాకా పోనక్కర్లేదు. బత్తాయి తోటల్లో కాయ కోత, పిల్లలమర్రి ఊడలు, అమ్మానాన్నలు వలసపోతే అమ్మమ్మ దగ్గర ఉండే పాలమూరు పిల్లలు, బతుకమ్మకు తంగేడు పూల వేట... ఇవన్నీ బొమ్మకెక్కే సంగతులు. మాటల్లో మన యాసను సంభాషణల్లో ధైర్యంగా వాడొచ్చు. కథనం మాత్రం అన్ని జిల్లాల పిల్లలకూ అందేలా ఉంటే సంపాదకులు తక్కువ దిద్దుతారు. మీ చుట్టూ తండాలున్నాయి, నల్లమల వైపు చెంచుల గూడేలు (పెంటలు) ఉన్నాయి. వాళ్ల పిల్లల గురించి రాస్తే అచ్చుకు పంపేముందు వాళ్లలోనే ఒకరితో చదివించాలి. తిండి పేరో పండగ వివరమో తప్పు పోతే ఆ పుస్తకం ఆ పిల్లల ముందు పెట్టలేం.

పంపడానికి చోట్లున్నాయి. దినపత్రికల పిల్లల పేజీలు సాధన కోసం. పుస్తకాలకు హైదరాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ సంస్థ, తెలుగులోనూ ప్రచురించే చెన్నై తూలిక, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్. స్టోరీవీవర్‌లో ఎవరైనా స్వయంగా కథ పెట్టవచ్చు. అయితే అక్కడ పెట్టినది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందువల్ల ప్రచురణకర్తకు చూపదలచిన కథను అక్కడ పెట్టొద్దు. కథతో పాటు ‘ఇది నా సొంత రచన, అనువాదం కాదు, వేరే ఎక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు’ అని హామీ రాయాలి. ఒకే కథ ఒకేసారి రెండు పత్రికలకు పంపి రెండింట్లోనూ అచ్చయితే ఆ ఇద్దరు సంపాదకులూ మళ్లీ ఆమె కవరు విప్పరు. పంచతంత్రం కథను తన మాటల్లో రాయొచ్చు గానీ ఇంకొకరు తిరగరాసిన పంచతంత్రాన్ని దించకూడదు, ఆ తిరగరాతకు కాపీరైట్ ఉంటుంది.

టైపు ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో చేయాలి. ఊళ్లో డీటీపీ సెంటర్లు ఇంకా అను ఫాంట్లు వాడుతుంటాయి. యూనికోడ్ ఫైలును దాంట్లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ‘క్ష’ చెదురుతుంది. పుస్తకం అక్కడ తయారైతే మార్చిన తర్వాతి ప్రూఫు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

ఇప్పుడు ఆ 35 వేల పెద్దమనిషి. నిజమైన ప్రచురణకర్త రచయిత దగ్గర డబ్బు తీసుకోడు, తన డబ్బు పెడతాడు. ఐఎస్‌బీఎన్ నంబరుకు, అంటే పుస్తకాన్ని గుర్తించే సంఖ్యకు, ఇలాంటివాళ్లు వేలు అడుగుతారు, కానీ మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. ఎన్ని కాపీలు, ఏ కాగితం, ఏ దుకాణాల్లో పెడతారు అని అడిగి చూడండి. మూడో ప్రశ్నకు జవాబు ఉండదు. కట్టలు మీ ఇంటి అటక మీదికి వస్తాయి, చుట్టాలకు పంచాక ఆగిపోతాయి. పదిహేడేళ్లప్పుడు రాసినవన్నీ కలిపి వేస్తే, ఐదేళ్ల తర్వాత ఆ పుస్తకం తన పేరుతో ఉన్నందుకు అమ్మాయే ఇబ్బంది పడవచ్చు. ఆ 35 వేలలో రెండు వేలు తీసి, డిసెంబరు దరిదాపుల్లో హైదరాబాద్‌లో జరిగే పుస్తక ప్రదర్శనకు తీసుకెళ్లి బొమ్మల పుస్తకాలు కొనివ్వండి. ఒక్కోదాంట్లో ఎన్ని పేజీలు, ఎన్ని మాటలు, పేజీ తిప్పే చోట ఏముందో లెక్క రాసుకోమనండి.

రేపు ఎవరైనా అసలైన ఒప్పందం ఇస్తే ఆమెకు 18 నిండేదాకా ఆమె సంతకం చెల్లదు, సంరక్షకులుగా మీరు చేయాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది, కాబట్టి ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అన్న వాక్యం కనిపిస్తే ఆపి అడగండి. తెలుగు ముద్రణ హక్కు మాత్రమే ఇచ్చి అనువాదం, ఆడియో, వీడియో హక్కులు దగ్గర పెట్టుకోవచ్చు. రాయల్టీ దేని మీద, ముఖధరా, వచ్చిన సొమ్మా? లెక్క ఏడాదికెన్నిసార్లు పంపుతారు? ఆమెకు ఉచితంగా ఎన్ని కాపీలు? ఈ మూడూ కాగితం మీద ఉండాలి. పాన్ కార్డు తీయించండి. చెల్లింపు పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, పాన్ లేకపోతే 20. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి ఆ కోత వెనక్కి తెచ్చుకోవచ్చు.

బొమ్మలు రాకపోవడం అడ్డం కాదు. చిత్రకారుణ్ణి ప్రచురణకర్తే వెతికి డబ్బిస్తాడు. మీరు ముందే ఎవరితోనో గీయించి పంపితే కథ నచ్చి బొమ్మలు నచ్చక రెండూ తిరిగొచ్చే ప్రమాదముంది. కథ మాత్రమే పంపాలి, పేజీల విభజనతో. మాటల్లో లేనిది బొమ్మలో తప్పక కనిపించాల్సి ఉంటే, ఉదాహరణకు పిల్లి మంచం కింద దాక్కుందని చదివేవారికి తెలియాలి గానీ లచ్చికి తెలియకూడదు అనుకుంటే, ఆ పేజీ పక్కన బ్రాకెట్లో ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది.