పెచ్చులూడుతున్న స్లాబుకు మళ్లీ ప్లాస్టరింగ్ వద్దు

ద్వీపంలో కొన్న పాత ఇంట్లో స్లాబు పెచ్చులూడుతోందనీ, రెండుసార్లు ప్లాస్టరింగ్ చేయించినా నిలవలేదనీ రాశారు. దయచేసి మూడోసారి చేయించకండి. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి, స్లాబు లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కనుక, ఎంత గట్టి పూతనైనా లోపలి నుంచి తోసేస్తుంది. చిన్న సుత్తితో స్లాబంతా తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చిన ప్రతిచోటా చువ్వ వెనుక వేలు దూరేంత వరకు కాంక్రీటు చెక్కించి, లోహం మెరిసేదాకా శుభ్రం చేయించి, తుప్పు నిరోధక ప్రైమరు పూసి, పాలిమర్ రిపేర్ మోర్టారుతో (పాలిమర్ కలిపిన మరమ్మతు సిమెంటు మిశ్రమంతో) నింపించాలి. అందులో కలిపే నీటిలో ఉప్పు ఉండకూడదు. చువ్వలు బాగా సన్నబడి ఉంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి, స్లాబు కింద ఆసరాగా స్తంభాలు నిలిపించేదాకా ఎవరినీ చెక్కనివ్వకండి. వంటగది పనులు, రంగులు వేయించడం ఆ తర్వాతే.