పాప బ్యాలే కంపెనీలో పని చేస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మ మెసేజ్ పెట్టారు. కూతురు ఇంటర్ సెకండియర్ బైపీసీ, చిన్నప్పట్నుంచి కూచిపూడి నేర్చుకుంది, ఇప్పుడు ఫోన్లో ఫారిన్ బ్యాలే కంపెనీల, అంటే బ్యాలే అనే యూరప్ నాట్యం ఆడే బృందాల, రిహార్సల్ వీడియోలు చూసి "నేను అట్లాంటి చోట పని చేస్తా, డాన్సర్‌గా కాకపోయినా పర్లేదు" అంటోందంట. వాళ్ళ నాన్నేమో నీట్ లాంగ్‌టర్మ్ అంటున్నారు. ఈమె ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తారు. ఇది పిచ్చా, నిజంగా ఉద్యోగాలుంటాయా, ఉంటే ఏం చదివించాలి అని అడుగుతున్నారు.

అమ్మా, పిచ్చేం కాదు. 2014లో మొదలైన వరల్డ్ బ్యాలే డే అని ఒకరోజు లండన్ రాయల్ బ్యాలే లాంటి పెద్ద కంపెనీలు తమ క్లాసులు, రిహార్సల్స్ ఉచితంగా లైవ్ పెడతాయి, మీ పాప చూసేవి చాలావరకు అవే అయ్యుంటాయి.

ముందు డాన్సర్ సంగతి తేల్చేస్తా, ఎందుకంటే పాప పర్లేదు అంటోంది గానీ మనసులో ఎక్కడో ఆశ ఉంటుంది, దాన్ని తేల్చకుండా వదిలేస్తే రేపు ఏ ఏజెంటో వచ్చి డబ్బులు గుంజుతాడు. అక్కడ పిల్లలు చాలా చిన్నప్పుడే మొదలుపెడతారు, రాయల్ బ్యాలే స్కూల్‌లో 11 ఏళ్ళకే చేరి 18, 19 వచ్చేసరికి కంపెనీలో ఉద్యోగానికి పోటీ పడతారు. లేటుగా మొదలుపెట్టి సాధించినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, ఢిల్లీలో ఈ-రిక్షా తోలే ఆయన కొడుకు కమల్ సింగ్ 17 ఏళ్ళకు మొదలుపెట్టి, ఆన్‌లైన్‌లో జనం చందాలేస్తే 2020లో లండన్ ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూల్‌కు పోయాడు. కానీ ఆ అబ్బాయికి ఢిల్లీలోనే పట్టుబట్టి నేర్పే గురువు దొరికాడు. పైగా అమ్మాయిలకు వేళ్ళ కొనల మీద నిలబడే పాయింట్ షూస్ ఉంటాయి, దానికి పాదమూ చీలమండా ఏళ్ళ తరబడి తయారవ్వాలి. ప్రొద్దుటూరులో ఉండి ఇప్పుడు అది మొదలుపెట్టమని నేనైతే చెప్పను. కూచిపూడి మాత్రం మాన్పించొద్దు. భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి అరుండేల్ అంతటామె బ్యాలే మీద మోజుపడితే రష్యా బ్యాలే స్టార్ అన్నా పావ్లోవానే మీ దేశపు నాట్యం చూసుకో అని చెప్పిందంటారు. రేపు ఏ స్టేజీ వెనక పని చేసినా, డాన్స్ చేసే ఒంటికి ఏం కావాలో తెలిసిన మనిషికి విలువ వేరే ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. యూరప్, అమెరికాల్లో సీజన్ మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో మొదలై మరుసటి ఏడు అక్కడి ఎండాకాలం దాకా నడుస్తుంది. సెలవులకు పోయిన డాన్సర్లు దానికి కొన్ని వారాల ముందే తిరిగొస్తారు, ఆ వారాలు చూస్తే లోపల ఎంతమంది బతుకుతున్నారో తెలుస్తుంది. పొద్దున్నే అందరికీ గంటంబావు, గంటన్నర క్లాస్, ఎంత పెద్ద స్టారైనా కడ్డీ పట్టుకుని మొదటి పాఠం నుంచే చేయాలి, పక్కన పియానో వాయించే మనిషి లైవ్‌లో వాయిస్తుంటారు, అదొక ఉద్యోగం. ఆ తర్వాత సాయంత్రం దాకా రిహార్సల్స్, ఒకేసారి మూడు నాలుగు బ్యాలేలు నడుస్తుంటాయి, పొద్దున ఒక కథలో హంసగా ఉన్న పిల్ల మధ్యాహ్నం ఇంకో కథలో పల్లెటూరి పిల్లగా ఉంటుంది. పాత బ్యాలేలను మర్చిపోకుండా నేర్పించడానికి రిహార్సల్ మాస్టర్లు వేరే, డాన్స్‌ను సంగీతం రాసినట్టే అయిదు గీతల మీద గుర్తులతో రాసిపెట్టేవాళ్ళు వేరే, బెనేష్ పద్ధతి అని 1950ల నుంచి రాయల్ బ్యాలే వాడుతోంది. సెలవుల తర్వాత ఒక్కసారిగా పని పెంచితే మోకాలి కింది ఎముకలు, చీలమండలు దెబ్బతింటాయి కాబట్టి ఫిజియోథెరపిస్టులకు అప్పుడు చేతినిండా పని.

చెప్పులదే ఒక డిపార్ట్‌మెంట్. లండన్‌లో ఫ్రీడ్ అనే కంపెనీ 1929 నుంచి పాయింట్ షూస్ చేత్తో చేస్తోంది, ఒక్కో కారిగరు అట్ట కింద తన గుర్తు వేస్తాడు, డాన్సర్ ఆ గుర్తు ఉన్నవే కావాలని పట్టుబడుతుంది. ముందు భాగం గట్టిగా ఉండేది బట్ట పొరలూ, జిగురూ వల్లే, చెమటకు అది మెత్తబడిపోతుంది, పెద్ద బ్యాలే అయితే ఒకే రాత్రి రెండు మూడు జతలు పాడవ్వొచ్చు. కొత్త జత అట్లాగే వేసుకోవడానికి లేదు, రిబ్బన్లు ఎవరివి వాళ్ళే కుట్టుకోవాలి, కొన దగ్గర సాటిన్ కోసి లావు దారంతో కుట్టు వేయాలి, అట్టను వంచాలి, స్టేజీ మీద టకటక చప్పుడు రాకుండా గోడకేసి కొట్టాలి. ఇన్ని జతలు నెలల ముందే లెక్కేసి ఆర్డర్ పెట్టి ఎవరివి వాళ్ళకు అందించడానికి పెద్ద కంపెనీల్లో ప్రత్యేకంగా మనిషి ఉంటారు.

మీ మెసేజ్‌లో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. పాప డాన్స్ వచ్చినప్పుడు కాదంట, కుట్టు గది కనిపించినప్పుడే వీడియో ఆపి ఆపి చూస్తుందంట, ఒకసారి మీ కస్టమర్ పాత బ్లౌజ్ విప్పదీసి లోపల లైనింగ్ ఎట్లా పడిందో చూసి మళ్ళీ కుట్టి పెట్టిందంట. అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీరే రాసి పంపారు.

ఆ గదిలో ఏం జరుగుతుందో మీకైతే వెంటనే అర్థమవుతుంది. టుటు అని గుండ్రంగా పళ్ళెంలా నిలబడే గౌను ఉంటుంది చూడండి, అది నెట్ బట్ట పది పన్నెండు పొరలు, ఒక్కో పొర వెడల్పు వేరే, అన్నీ కుచ్చులు పెట్టి, జారిపోకుండా మధ్యమధ్యలో చేత్తో వదులుగా టాకాలు వేస్తారు, బిగించారంటే గౌను నడిచేటప్పుడు ఊగదు. పైన జాకెట్ చాలా ముక్కలుగా కోస్తారు, చెయ్యి పూర్తిగా పైకెత్తినా నడుం దగ్గర పైకి లేవకూడదు, మగ డాన్సర్ నడుం పట్టి ఎత్తుతాడు కాబట్టి అక్కడ గుచ్చుకునే పూసలు ఉండకూడదు. మీరు బ్లౌజ్‌కు పూసలు ఎక్కడ కుట్టాలి, చంకలో ఎక్కడ వదిలేయాలి అని చూసుకుంటారు కదా, అదే లెక్క, కాకపోతే ఇక్కడ మనిషి గాల్లో ఉంటుంది. వెనక హుక్స్ రెండు మూడు వరసలు కుడతారు, ఎందుకంటే ఒకే పాత్రను వేర్వేరు రాత్రుల్లో వేర్వేరు డాన్సర్లు వేస్తారు, ఆ గౌనే ముగ్గురికీ సరిపోవాలి. లోపల పట్టీ మీద వేసుకున్నవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి, పాత గౌన్లలో అయితే ఎన్నో ఏళ్ళ పేర్లు కనిపిస్తాయి. వీటిని ప్రతి షోకీ ఉతకడం కుదరదు, వాసన పోవడానికి వోడ్కా కలిపిన నీళ్ళు కొడతారు, నెట్ వాలిపోకుండా తలకిందులుగా వేలాడదీస్తారు. సీజన్ ముందు వారాల్లో ఇవన్నీ బయటికి తీసి అందరికీ కొలతలు మళ్ళీ చూడాలి, చిరిగినవి మార్చాలి, పట్టీలకు ఒక్కొక్కరి ఒంటిరంగుకు తగ్గట్టు రంగు వేయాలి. షో రోజు చీకట్లో నిమిషంలో డ్రెస్ మార్చే డ్రెస్సర్లు వేరే ఉంటారు.

స్టేజ్ మేనేజ్‌మెంట్ గురించి రెండు మాటలు. చివరి రోజుల్లో స్టేజీ మీద వినైల్ షీట్లు పరిచి టేప్ వేస్తారు, లైట్లు సరిచూస్తారు, ముందు పియానోతో, తర్వాత ఆర్కెస్ట్రాతో రిహార్సల్, ఆఖర్న పూర్తి వేషాలతో. బ్యాలేలో డైలాగ్ ఉండదు కాబట్టి లైటు, తెర ఎప్పుడు మారాలో స్టేజ్ మేనేజర్ సంగీతం చూసి చెప్తారు, వెస్ట్రన్ నొటేషన్ చదవడం రాకపోతే ఆ పని కష్టం. మీ పాప ఇటు మొగ్గు చూపట్లేదు, వదిలేద్దాం.

బైపీసీ కాబట్టి ఫిజియోథెరపీ డిగ్రీ చేసి స్పోర్ట్స్ వైపు పోవచ్చు, నీట్ మాట ఎత్తే నాన్నగారికి అదీ నచ్చుతుంది, అందుకే చెప్తున్నా. కానీ నా ఓటు నిఫ్ట్‌కే, అంటే కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ డిజైన్ కాలేజీకి. బీడిజైన్ నాలుగేళ్ళు, ఇంటర్ ఏ గ్రూప్ అయినా పర్లేదు, హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. ఎంట్రన్స్‌లో బొమ్మలు గీసే పేపర్, జనరల్ పేపర్ ఉంటాయి, తర్వాత ఇచ్చిన సామాన్లతో అక్కడికక్కడే ఏదైనా తయారు చేసి చూపించే సిట్యుయేషన్ టెస్ట్ ఉంటుంది, బ్లౌజ్ విప్పి కుట్టిన పిల్లకు అది భయం కాదు. ఫీజు తక్కువేం కాదు, హాస్టల్‌తో కలిపి నాలుగేళ్ళకు పది లక్షలు దాటుతుంది, ముందే చెప్తున్నా. అంత కుదరదంటే కడపలోనే డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, అక్కడ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేస్తూ మీ దగ్గరే కుట్టు పని పట్టు సాధించొచ్చు.

డిగ్రీ తర్వాత ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సులో డిజైన్ వైపు పోవచ్చు, వాళ్ళు డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పని చేసిన అనుభవం అడుగుతారు, కాబట్టి చదువుతున్నప్పుడే నాటకాల వాళ్ళతో తిరగాలి. మన కడప జిల్లా సురభి ఊళ్ళో 1885లో పుట్టిన సురభి నాటకాలవాళ్ళు ఇప్పుడు హైదరాబాద్‌లో ఆడుతున్నారు, తెరలు, వేషాలు, స్టేజీ మీద మాయలు అన్నీ కుటుంబాలే చేసుకుంటాయి, అక్కడ ఒక నెల వెనక నిలబడినా పాపకు చాలా తెలుస్తుంది.

ఫారిన్ మాట ఇప్పుడు ఎత్తొద్దు. లండన్ గిల్డ్‌హాల్ లాంటి చోట్ల థియేటర్ వెనక పనులకే డిగ్రీలున్నాయి గానీ ఇంటర్ అయిన వెంటనే అంత ఫీజు అప్పు చేసి పెట్టడం నాకు ఇష్టం లేదు, వీసా కష్టం, పైగా అమెరికాలో చాలా కంపెనీలు డాన్సర్లకే ఏడాది పొడుగునా జీతం ఇవ్వవు. ముందు ఇక్కడ చేతిలో పని ఉండాలి. ముంబైలో 2023లో తెరిచిన అంబానీ కల్చరల్ సెంటర్‌కు విదేశీ షోలు వస్తున్నాయి, మన సినిమాల కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, నాలుగేళ్ళు అక్కడ చేసి చేసినవన్నీ ఫోటోలు తీసి పెట్టుకుంటే అప్పుడు బయట అప్లై చేసినా వాళ్ళు చూస్తారు.

ఒక్కటి మర్చిపోవద్దు, నిఫ్ట్ అప్లికేషన్లు ఇంటర్ పబ్లిక్ పరీక్షలకు ముందే ముగిసిపోతాయి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయ్యాక చూద్దాంలే అంటే ఏడాది పోతుంది. మీకు రిజర్వేషన్ ఉంటే సెంట్రల్ ఫార్మాట్‌లో సర్టిఫికెట్ కావాలి, రాష్ట్రానిది పనికిరాదు, ఈ వారమే మీ వార్డు సచివాలయంలో అడగండి.