గిటార్ గోడకా, కేసులోకా? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈమధ్యే అకూస్టిక్ గిటార్ కొన్నాను. రోజూ వాయిస్తాను కాబట్టి గోడకు తగిలిస్తే చేతికి అందుబాటులో ఉంటుందని నా ఆలోచన. కేసులోనే పెట్టాలని స్నేహితులు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు గిటార్ పైపలక ఎలాంటిదో తేల్చుకోండి. సౌండ్ హోల్ (పైపలక మధ్యలోని గుండ్రటి రంధ్రం) అంచును మంచి వెలుతురులో చూడండి. పైన కనిపించే కలప చారలు అంచు మందంలోకి కూడా అలాగే దిగితే అది ఒకే చెక్క, అంటే సాలిడ్ టాప్. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే లామినేట్, ఒక రకం ప్లైవుడ్ అన్నమాట. లామినేట్ మొండిది, గోడకు తగిలించినా తట్టుకుంటుంది. సాలిడ్ టాప్ అలా కాదు. దాని మందం సుమారు 3 మి.మీ. మాత్రమే. గాలిలో తేమ మారినప్పుడల్లా అది ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. దానికి గట్టి కేసే సరైన చోటు. గదిలో తేమ గంటలో మారిపోయినా కేసు లోపల నెమ్మదిగా మారుతుంది, చెక్కకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. పలుచటి గుడ్డ బ్యాగుతో ఈ లాభం పెద్దగా ఉండదు.

గోడకే తగిలించాలనుకుంటే ఇంటి లోపలి గోడ ఎంచుకోండి. బయటి గోడ ఎండకు కాగుతుంది, వానకు చెమ్మెక్కుతుంది. ఎ.సి. గాలి నేరుగా తగలకూడదు, కిటికీ ఎండ పడకూడదు. ఉత్త మేకును నమ్మొద్దు. డ్రిల్ చేసి, ప్లగ్గు దిగ్గొట్టి, హ్యాంగర్‌ను స్క్రూలతో బిగించండి. ఇంకో సంగతి: నైట్రోసెల్యులోజ్ పాలిష్ వేసిన గిటార్ అయితే హ్యాంగర్‌కో స్టాండుకో ఉన్న రబ్బరు తగిలినచోట పాలిష్ మెత్తబడి మచ్చ పడుతుంది. రబ్బరు మీద నూలు గుడ్డ చుట్టేస్తే సరిపోతుంది.

ప్రశ్న: తేమ ఎంత ఉండాలి? చిన్న డిజిటల్ మీటరు కొన్నాను. అది చెప్పే అంకెను నమ్మవచ్చా?

జవాబు: 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్ హాయిగా ఉంటుంది. అప్పుడప్పుడు 40కి తగ్గినా 60కి పెరిగినా కంగారు అక్కర్లేదు. వారాల తరబడి అక్కడే ఉండిపోతేనే చిక్కు.

చౌక మీటర్లు అయిదారు శాతం అటూ ఇటూ చూపడం మామూలే. ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లు కలపండి. తడి ఇసుకలా ఉండాలి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవరులో పెట్టి మూసి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి 75 చూపాలి. 70 చూపితే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని లెక్క, ఇక ఎప్పుడు చూసినా 5 కలుపుకోండి. మీటరు ఉండాల్సింది గోడ మీద కాదు, కేసులో, గిటార్ తల దగ్గర.

ప్రశ్న: ఎ.సి. గదిలో పెట్టిన గిటార్ తీగలు ఫ్రెట్లకు (మెడ మీది అడ్డ లోహపు పట్టీలకు) తగిలి జర్రుమంటున్నాయి. మెడ అంచున చెయ్యి జరిపితే ఏదో గీసుకుంటోంది. ఆకురాయితో రుద్దించాలా?

జవాబు: రుద్దించకండి! ఫ్రెట్లు పెరగలేదు, చెక్క తగ్గింది. ఎ.సి. గాలిలోని తేమను లాగేస్తుంది. కలప ఎండినప్పుడు నిలువునా దాదాపు మారదు, అడ్డంగానే ముడుచుకుంటుంది. మెడ పలక సన్నబడితే లోహపు ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. పైపలక లోపలికి కుంగితే తీగలు కిందికి దిగి ఫ్రెట్లకు తగులుతాయి. బ్రిడ్జి (పైపలక మీద తీగలను పట్టి ఉంచే చెక్క ముక్క) వెనక, గిటార్ వెడల్పున స్కేలు ఆనించి చూడండి. పైపలక కాస్త ఉబ్బెత్తుగా ఉండడం సహజం. స్కేలు మధ్యలో కింద సందు కనిపిస్తే మాత్రం బాగా ఎండినట్టే. తర్వాత వచ్చేది పగులు.

చిల్లులున్న చిన్న సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి, కేసులో గిటార్ తల పక్కన ఉంచండి. పిండితే చుక్క కూడా రాలకూడదు. 49 శాతం దగ్గర తేమను నిలిపే రెండువైపుల పనిచేసే పొట్లాలు దొరికితే మరీ మంచిది, అవి తక్కువైతే తేమ ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. ఒక్కరోజులో తడిపేద్దామనుకుంటే చెక్క ఒకచోట ఉబ్బి, ఒకచోట ఉబ్బక కొత్త తంటా వస్తుంది. అప్పటికీ ఫ్రెట్లు గీసుకుంటుంటేనే ఆకురాయి మాట.

ప్రశ్న: వానాకాలంలో దీనికి తలకిందులుగా అయింది. తీగలు పైకి లేచాయి, బ్రిడ్జి వెనక ఉబ్బింది. సిలికా జెల్ వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, మీటరు పక్కన ఉంటేనే. సిలికా జెల్‌కు ఎక్కడ ఆగాలో తెలియదు. మూసిన కేసులో ఎక్కువ వేస్తే 40 కిందికీ లాగేస్తుంది. ఒకటి రెండు చిన్న పొట్లాలతో మొదలుపెట్టి, మీటరు 55కి రాగానే తీసేయండి. ముందుగా ఒక పని చేయండి: పలుచటి కాగితం బ్రిడ్జి వెనక అంచు కిందికి తోయండి. లోపలికి దూరితే జిగురు విడుతోందని అర్థం. వెంటనే తీగలు వదులు చేసి రిపేరుకు ఇవ్వండి.

ప్రశ్న: ఆరు నెలలు వాయించే వీలు లేదు. తీగలు విప్పేయాలా?

జవాబు: పూర్తిగా వద్దు. స్టీలు తీగలన్నీ కలిసి మెడను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. మెడ లోపలి ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ దానికి ఎదురు బలం. తీగలు తీసేస్తే మెడ వెనక్కి వంగవచ్చు. ఒక స్వరం కిందికి దించితే చాలు. తీగలు పొడిగుడ్డతో తుడిచి, కేసును నిలువుగా గానీ పక్కకు గానీ ఉంచండి. మీద బరువులు పెట్టొద్దు. అటక వద్దు, అక్కడ వేడి ఎక్కువ.

ప్రశ్న: కారు డిక్కీలో ఒక పూట ఉంచితే?

జవాబు: ఎండలో నిలిపిన కారైతే వద్దు. గిటార్ జిగురు దాదాపు 65 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. తీగల లాగుడుకు బ్రిడ్జి జారవచ్చు. చల్లటి చోటు నుంచి తెచ్చినా కేసు వెంటనే తెరవకండి, అరగంట ఆగండి.