ఆక్సిజన్ 91 ఉంది కదా... మళ్లీ బైపాప్ ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. మా మామగారికి 66 ఏళ్లు. మిర్చి యార్డులో పాతికేళ్లు ముఠా పని చేశారు. చుట్ట కాల్చేవారు, మూడేళ్ల క్రితం మానేశారు. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. పోయిన నెల ఆయాసం ఎక్కువై, పిలిస్తే పలకనంత మగతలోకి వెళ్లిపోయారు. ఐదు రోజులు ఐసీయూలో ఉంచారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 దాటిందన్నారు. రోజూ రాత్రి బైపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్) పెట్టుకోమని చెప్పి ఇంటికి పంపారు. ఆయనేమో పది నిమిషాలకే మాస్క్ పీకి పక్కన పడేస్తున్నారు. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 91 ఉంటోంది. ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ కూడా ఉంది. అది చాలదా? మిషన్‌కి అలవాటు పడితే ఇక వదలదని చుట్టాలు భయపెడుతున్నారు.
– ఓ పాఠకురాలు

జవాబు: చాలదండీ. వేలికి పెట్టే ఆ క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. చెడు గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుపోయిందో అది చెప్పలేదు. మీ మామగారికి వచ్చిన చిక్కంతా ఆ రెండోదానితోనే. దాన్ని తేల్చేది మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్ష. అందులో కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాలి.

ఆయన ఆయాసపడేటప్పుడు ఎలా కూర్చుంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, మెడ కండరాలు తాళ్లలా తేలేట్టు ఊపిరి లాగుతుంటారు. అంటే మెలకువగా ఉన్నంతసేపూ మెడ, ఛాతీ కండరాలు సాయం పడుతున్నాయన్నమాట. నిద్రపట్టగానే, ముఖ్యంగా కలలు వచ్చే నిద్రలో, ఆ కండరాలు సడలిపోతాయి. భారమంతా ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే డయాఫ్రం కండరం మీదే పడుతుంది. సీఓపీడీలో గాలి ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోయి, ఆ డయాఫ్రం అప్పటికే చదునుగా సాగిపోయి ఉంటుంది. అందుకే చెడు గాలి రాత్రిపూట పెరుగుతుంది. పొద్దున్నే తలనొప్పి, పగలు పేపరు చేతిలో ఉండగానే కునుకు, మాటల్లో తికమక... ఆసుపత్రికి వెళ్లకముందు ఇవి ఉండే ఉంటాయి. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకుని ఉంటారు.

బైపాప్ చేసేది ఆ కండరాలు చేయలేని పనే. ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో గాలి నెడుతుంది, వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది. గురకకు వాడే సీప్యాప్‌లో ఒకే ఒత్తిడి ఉంటుంది. చౌకగా వస్తోందని దీని బదులు అది కొనకండి. ఇక కాన్సెంట్రేటర్ ఇచ్చేది ఆక్సిజన్ మాత్రమే. 98 చూడాలని దాని నాబ్ పెంచితే ఇలాంటి పేషెంట్లలో చెడు గాలి ఇంకా పెరిగి, మళ్లీ మగత రావచ్చు. వీళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. మీ 91 నిక్షేపంలా ఉంది, దాన్ని కదపకండి. రాత్రి ఆక్సిజన్ కూడా ఇవ్వమని రాసి ఉంటే ఆ ట్యూబును బైపాప్‌కే కలుపుతారు. ముందు బైపాప్ ఆన్ చేసి తర్వాత ఆక్సిజన్ పెట్టాలి, ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్ ఆపాలి.

బ్రిటన్‌లో 116 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. అందరూ మీ మామగారిలాగే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, ఆ తర్వాత కూడా కార్బన్ డయాక్సైడ్ 53 పైనే ఉన్నవాళ్లు. ఆక్సిజన్ ఒక్కటే వాడినవాళ్లలో సగం మంది నెలన్నర తిరక్కుండానే మళ్లీ ఆసుపత్రిలో చేరారు, లేదా చనిపోయారు. రాత్రిపూట ఈ మిషన్ కూడా పెట్టుకున్నవాళ్లలో ఆ గడువు నాలుగు నెలలు దాటింది.

ఇక ‘అలవాటు’ మాట. అది చుట్టకు వర్తిస్తుంది, మిషన్‌కి కాదు. నలభై కిలోల టిక్కీ భుజానికెత్తుకునేటప్పుడు వెనక నుంచి ఒకరు చెయ్యి వేస్తారు కదా, దానివల్ల మోసేవాడి బలం తగ్గిపోతుందా? ఈ సంగతి మీ మామగారికే చెప్పి చూడండి, నాకంటే బాగా అర్థమవుతుంది.

మాస్క్ పీకేయడం కొత్తలో అందరూ చేసేదే. రాత్రికి రాత్రి అలవాటు చేయాలని చూడొద్దు. పగలు టీవీ చూస్తున్నప్పుడు పావుగంట, అరగంట పెట్టండి. మొదట పట్టీలు బిగించకుండా, మాస్క్ ఆయన చేతికే ఇచ్చి ముఖానికి పట్టుకోమనండి. కావాలంటే తీసేయగలనన్న ధైర్యం వస్తే సగం టెన్షన్ పోతుంది. పట్టీ కింద వేలు దూరేంత వదులు ఉండాలి. లీకవుతోందని బిగించేస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. గుబురు మీసాల వల్లా గాలి పోతుంది, కాస్త కత్తిరిస్తే నయం. నోరు ఎండిపోతుంటే గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ పెట్టాలి, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. పొట్ట ఉబ్బరం రాకుండా రాత్రి భోజనం రెండు గంటల ముందే ముగించండి.

ఆ మధ్య ఒకాయన మాస్క్ తెచ్చి చూపిస్తే, దాని మీద ఉండే సన్నటి రంధ్రాలన్నిటికీ తెల్ల ప్లాస్టర్ అంటించి ఉంది. “బుస్సుమని గాలి పోతోంది సార్, దండగ కదా” అన్నాడు వాళ్లబ్బాయి. వదిలిన చెడు గాలి బయటికి పోయే దారి అదే! దాన్ని మూస్తే ఆయన వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. ఆ రంధ్రాల జోలికి వెళ్లకండి.

కరెంటు పోతే మాస్క్ తీసేయండి. ఇన్వర్టర్ మీద నడిపితే హ్యూమిడిఫయర్ ఆపండి, ఎక్కువ కరెంటు తాగేది అదే. నిద్రమాత్రలు, మద్యం ముట్టకూడదు. ఆక్సిజన్ నడిచే గదిలో దీపం, అగరుబత్తి వద్దు.

జీవితాంతం వాడాలా అంటే, అది ఇప్పుడే తేలాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు నుంచి నాలుగు వారాల తర్వాత ఏబీజీ మళ్లీ చేసి నిర్ణయించడమే పద్ధతి. గుంటూరు జీజీహెచ్‌లోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఛాతీ వైద్యులకు చూపించండి. చెడు గాలి మామూలు స్థాయికి వచ్చి ఉంటే మిషన్ ఆపేయమనొచ్చు కూడా. గురక ఉంటే చెప్పండి, నిద్ర పరీక్ష అవసరం కావచ్చు. మిషన్ కూడా తీసుకెళ్లండి. ఎన్ని గంటలు వాడారో అందులో నమోదవుతుంది. “రాత్రంతా పెట్టుకున్నా” అని పేషెంట్ అంటుంటే లోపల నలభై నిమిషాలే కనిపించిన సందర్భాలు నాకు కొత్తేం కాదు. కనీసం ఐదారు గంటలు ఉండాలి. ఒత్తిడి సెట్టింగులు డాక్టరే మార్చాలి, షాపు కుర్రాడు కాదు.

మిషన్ పెట్టుకున్నా మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పెదాలు నీలం తిరిగినా, ఆక్సిజన్ 88 కంటే కిందికి పడిపోయి పెరగకపోయినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆయన మాస్క్ సంచిలో వేసుకోవడం మర్చిపోవద్దు.