ఆ పక్షుల మధ్య దేవత ఆకాశం కాదు, గాలి

ప్రకృతి భూతాలను దేవతల రూపంలో చూపే పాత ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రాల నాలుగు బొమ్మల సెట్‌లో అగ్ని, నీరు, భూమి తెలిశాయి, చేతిలో గోళం పట్టుకుని పక్షుల మధ్య కూర్చున్నావిడ ఆకాశమా, మరి వాయువు ఏది అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మీ సెట్‌లో ఏ బొమ్మా తగ్గలేదు. మనం పంచభూతాల లెక్కలో చూస్తాం కాబట్టి ఐదోది వెతుక్కుంటాం. ఫ్లెమిష్ చిత్రకారులు గ్రీకుల నుంచి వచ్చిన నాలుగింటి లెక్కే పాటించారు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈథర్ అని, ఆకాశ గోళాలకు సంబంధించిన ఐదోదాన్ని చెప్పినా, ఈ సిరీస్‌లలో దానికి విడిగా బొమ్మ వేయలేదు.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే ఆవిడ యురేనియా, గ్రీకు పురాణాల్లో ఖగోళ శాస్త్రానికి అధిదేవత. ఫ్లెమిష్ చిత్రకారుడు పెద్ద యాన్ బ్రూగెల్ (అదే పేరున్న కొడుకు కాదు, తండ్రి) 1621లో మిలాన్ కార్డినల్ ఫెడెరికో బోరోమియో కోసం వేసిన 'గాలి' చిత్రంలో ఆమే ఉంటుంది. చేతిలోని వలయాల గోళం గ్రహాల గమనం చూపే పరికరం. చుట్టూ ఉన్న పక్షులను మాత్రం తీరిగ్గా చూడండి, తెల్ల కాకతువ్వ కూడా కనిపిస్తుంది. ఒక్కో ఈకను అంత ప్రేమగా వేసినవాళ్లు అరుదు. బ్రూగెల్ వేసిన ఈ సెట్‌లోని నాలుగు చిత్రాలనూ నెపోలియన్ కాలంలో పారిస్‌కు తీసుకుపోయారు. నిప్పు, నీరు తిరిగి మిలాన్ చేరాయి. భూమి, గాలి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలోనే ఉండిపోయాయి. తోడబుట్టినవాళ్లను విడదీసినట్టుంటుంది నాకు.

వేరే చిత్రాల్లో గాలికి గుర్తుగా నెమలితో రోమన్ దేవతల రాణి జూనో కూడా వస్తుంది. కొలిమి ఉంటే రోమన్ అగ్ని దేవుడు వల్కన్, అంటే నిప్పు. త్రిశూలం చూసి శివుడనుకోవద్దు, ఆయన సముద్ర దేవుడు నెప్ట్యూన్. మరో ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ వేసిన భూమి, నీటి కలయిక చిత్రంలో ఆయన పక్కన పండ్ల కొమ్ముతో ఉన్నావిడ భూదేవి సిబెలె.