సింథ్ కోసం రివర్బ్ పెడల్ అమ్మకండి

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 48,000 వస్తుంది, ఇంటి ఖర్చు 35,000. మిగిలింది సిప్‌లకు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపడానికి సరిపోతుంది. శని, ఆదివారాల్లో కేఫ్‌లలో గిటార్ వాయిస్తాను; నెలకు సగటున 6,000 వస్తుంది. యాంబియెంట్ సంగీతం (తాళం కంటే వాతావరణం ముఖ్యమైన, నెమ్మదిగా సాగే సంగీతం) చేయాలని, ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే సింథసైజర్ (సింథ్), బ్యాగులో పట్టేది ఒకటి చూశాను. ధర 60,000. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా? లేక నా రివర్బ్, లూపర్ పెడల్స్ అమ్మి కొంత సర్దుకోనా? క్రెడిట్ కార్డులో 22,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం కడుతున్నాను. 1,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది.

జవాబు: పెడల్స్ రెండూ ఉంచుకోండి. యాంబియెంట్‌లో సింథ్ చేసేది సగం పనే. ప్రతిధ్వనితో స్వరాన్ని గాల్లో నిలబెట్టేది రివర్బ్, వాయించింది రికార్డు చేసి పొర మీద పొర పేర్చేది లూపర్. ఇవాళ తక్కువకు అమ్మితే, సింథ్ ఇంటికొచ్చిన రెండో వారమే అవే పెడల్స్ కోసం మళ్లీ వెతుక్కుంటారు.

అసలు మీ ఉత్తరంలో నన్ను ఆపింది సింథ్ కాదు, చివర్లో తేలిగ్గా రాసేసిన ఆ 22,000. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3.5 శాతానికి అటూఇటూ ఉంటుంది. మీది ఎంతో స్టేట్‌మెంట్‌లో చూడండి. 3.5 శాతమే అనుకుంటే నెలకు వడ్డీ 770, దాని మీద 18 శాతం జీఎస్టీ 139, మొత్తం 909. బాకీ ఇలాగే ఉంటే ఏడాదికి దాదాపు 10,900 ఊరికే పోతుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఇందులో ఆరో వంతు ఉంటే ఎక్కువ. కాబట్టి డిపాజిట్ నుంచి 22,000 తీసి ఈ నెలలోనే కార్డు మొత్తం తీర్చేయండి. కొంత భాగమే తీయడానికి మీ బ్యాంకు ఒప్పుకోకపోతే, మొత్తం రద్దు చేసి మిగిలింది మళ్లీ వేయండి. ముందుగా తీసినందుకు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తారు. ఆ కోత ఈ లెక్క ముందు చిల్లర. మిగిలే 1,28,000 మీ మూడున్నర నెలల ఖర్చు. అది ఉద్యోగం పోయిన రోజుకు, సింథ్‌కు కాదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. 60,000 వస్తువుకు నెలకు 5,000 చొప్పున 12 కిస్తీలు. బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుంటే, మీకిచ్చే అప్పు సుమారు 55,100. మిగతా 4,900 వడ్డీ. ఆ వడ్డీ మేర షాపు ముందే ‘డిస్కౌంట్’ ఇస్తుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, సుమారు 880, మాత్రం మీదే. ప్రాసెసింగ్ ఫీజు అదనం. రొక్కంగా కొంటే దొరికే తగ్గింపు కూడా పోతుంది. ఇవన్నీ భరించినా, నెలకు 6,000 వస్తుందో రాదో తెలియని కేఫ్ ఆదాయం మీద 5,000 కిస్తీ పెట్టుకోవడం తెలివైన పని కాదు. వానాకాలంలో రెండు వారాలు షోలు లేకపోతే మళ్లీ మినిమం కట్టే దారే.

కొనే ముందు రెండు నెలలు ఖర్చు లేకుండా వాయించి చూడండి. లాప్‌టాప్‌లో నడిచే వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లు ఉచితంగా దొరుకుతాయి. అటాక్ (స్వరం పూర్తిగా లేవడానికి పట్టే సమయం) 2 సెకన్లు, రిలీజ్ (కీ వదిలాక స్వరం ఆరే సమయం) 5 సెకన్లు పెట్టండి. పదునైన పై శబ్దాలను కోసే లోపాస్ ఫిల్టర్ కటాఫ్‌ను 800 హెర్ట్జ్ దగ్గరికి దించి, దాన్ని 0.1 హెర్ట్జ్ ఎల్ఎఫ్ఓతో (సెట్టింగును దానంతటదే నెమ్మదిగా అటూఇటూ కదిపేది) కొద్దిగా ఊపండి. పది సెకన్లకోసారి శబ్దం ఊపిరి తీసినట్టు కదులుతుంది. లాప్‌టాప్ శబ్దాన్ని మీ రివర్బ్ పెడల్‌లోకి పంపినప్పుడు గుయ్‌మని హమ్ వస్తే, చార్జర్ తీసేసి చూడండి. గిటారిస్టులు సాధారణంగా చేసే పొరపాటు ఆరు తీగల కార్డ్‌ను (ఒకేసారి మోగే స్వరాల గుంపును) అలాగే సింథ్ మీద నొక్కడం. రిలీజ్ పొడవుగా ఉన్నప్పుడు కింది స్వరాలన్నీ కలిసి బురదవుతాయి. కింద ఒకటి, పైన రెండు చాలు. ఈ రెండు నెలల్లో కనీసం ఎనిమిది రికార్డింగులు పూర్తి చేస్తేనే కొనండి.

ఆలోగా కేఫ్ డబ్బుకు వేరే ఖాతా తెరిచి, నెలకు 4,000 అందులోనే ఉంచండి. ఆరు నెలలకు 24,000. మీ బడ్జెట్ అదే, కేబుళ్లతో కలిపి.

ఆ డబ్బుతో చూడాల్సింది పేరు కాదు, ఒకేసారి ఎన్ని స్వరాలు మోగుతాయనేది. కోర్గ్ వోల్కా కీస్‌లో మూడే. నాలుగోది నొక్కగానే ఒకటి తెగిపోతుంది, కీ వదిలాక మిగిలే పొడవాటి తోక కూడా దాంతోపాటే. డిలే (శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది) ఉంది, రివర్బ్ లేదు. మీ దగ్గర రివర్బ్, లూపర్ ఉన్నాయి కాబట్టి రెండేసి స్వరాలు లూప్‌లో పేర్చుకుంటే సరిపోతుంది. రోలాండ్ ఎస్-1లో నాలుగు స్వరాలు, రివర్బ్, డిలే, చార్జ్ చేసుకునే బ్యాటరీ ఉంటాయి. యమహా రీఫేస్ సీఎస్‌లో ఎనిమిది స్వరాలు, 37 చిన్న కీలు, స్పీకర్లు కూడా ఉన్నాయి. పాతది మీ బడ్జెట్‌లో దొరికితే నేను దానికే ఓటేస్తాను.

జాగ్రత్త పడాల్సింది కరెంటు దగ్గర. మీ పెడల్స్ అడాప్టర్ సాధారణంగా 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. వోల్కాకూ 9 వోల్టులే, కానీ మధ్య పిన్ను పాజిటివ్, ప్లగ్ సైజు వేరు. కన్వర్టర్ తగిలించి పెడల్ అడాప్టర్ గుచ్చితే వస్తువు పాడవ్వొచ్చు. అమెరికా నుంచి బావగారు తెస్తానంటే అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో ముందు అడగండి. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు కాలిపోతుంది. ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో, కస్టమ్స్ సుంకం ఎంతో కూడా లెక్కలో వేశాకే అది చవక.

వోల్కా హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ స్టీరియో. మామూలు గిటార్ కేబుల్‌ను కన్వర్టర్‌తో అందులో పెడితే ఒక చానల్ షార్ట్ అవుతుంది. 3.5 ఎంఎం స్టీరియో నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే కేబుల్ కొనండి. సింథ్ సిగ్నల్ గిటార్ కంటే గట్టిది. వాల్యూమ్ మూడో వంతు దగ్గర మొదలుపెట్టకపోతే పెడల్‌లో శబ్దం పగిలినట్టు వస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి కీ, ప్రతి నాబ్ తిప్పి చూడండి. తిప్పేటప్పుడు గరగర వస్తే బేరం ఆడండి. చార్జింగ్ రకమైతే బ్యాటరీతో అరగంట నడిపించండి. అడుగు ఉబ్బినట్టుంటే వదిలేయండి.

పన్ను సంగతి: కేఫ్ ఆదాయం రిటర్నులో చూపాలి. ఖర్చుల పద్దు రాసి చూపే పద్ధతిలో సింథ్ మీద ఏడాదికి 15 శాతం తరుగుదల వస్తుంది, కొన్న ఏడాది వాడకం 180 రోజుల లోపైతే ఆ ఏడాదికి అందులో సగం. 20,000 వస్తువుకు తొలి ఏడాది 3,000 లేదా 1,500 మాత్రమే. అయినా బిల్లు మీ పేరు మీద, సీరియల్ నంబరుతో తీసుకోండి. రేపు అమ్మేటప్పుడూ అదే పనికొస్తుంది.